కార్డు సరే, కౌలుదారుకి అప్పు ఎవరిస్తారు?

సంపాదకులకు,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో కౌలు కార్డుల పంపిణీ వార్త ఫొటోతో సహా వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను, కొట్టు పనుల్లో కుదరలేదు. కార్డు పట్టుకుని నవ్వుతున్నవాళ్లలో ఒకతను నా రెండెకరాలు చేసేవాడే. ఆ కార్డు మీద అతనికి బ్యాంకులో ఇంతవరకు రూపాయి పుట్టలేదు. ఎందుకంటే నా పాసుపుస్తకం మీద పంట రుణం నేను ముందే తీసుకున్నాను. అదే సర్వే నంబరు మీద ఇంకొకరికి ఇవ్వరట.

నేను చేలో కాలు పెట్టి ఇరవై ఏళ్లయింది. అయినా సర్కారు లెక్కలో రైతును నేనే. పీఎం కిసాన్ 6,000 నా ఖాతాలోనే పడుతుంది. గడువులోగా కడితే నాకు వడ్డీ 4 శాతమే. అతను తెచ్చుకునేది నూటికి రెండు రూపాయలకి, అంటే ఏడాదికి 24 శాతం. మా ఊళ్లో కొందరు ఆసాములు బ్యాంకులో తెచ్చిన ఆ 4 శాతం డబ్బే తమ కౌలుదారుకి రెండు రూపాయలకి తిప్పుతారు. వ్యవసాయ రుణాలు లక్ష్యాన్ని దాటాయని ప్రకటించేది వీటిని కూడా కలుపుకునే కదా!

2011 కౌలుదారుల చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డుకి యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో దాన్ని రద్దు చేసి, పదకొండు నెలలు చెల్లే సాగుదారు హక్కు పత్రం, అంటే ఇప్పటి ఈ కార్డు తెచ్చి, సంతకం తప్పనిసరి చేశారు. దీన్ని సంస్కరణ అన్నారు. సంతకం పెడితే భూమి పోతుందని ఆసాములకి భయం, కౌలుదారుని తేలిగ్గా ఖాళీ చేయించనివ్వని 1956 కౌలు చట్టం నాటిది. ఆ చట్టం కూడా 2019లోనే పోయిందని ఊళ్లోకొచ్చి చెప్పిన అధికారి ఒక్కరూ లేరు. నేను సంతకం పెట్టినందుకు మా బావమరిది నెలరోజులు మాట్లాడలేదు.

మా దగ్గర కౌలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఎస్సీ, బీసీలే. తాతల నాడు భూమి దక్కని ఇళ్లవాళ్లే ఇవాళ తుఫానుకి చేను పడుకున్నా కౌలు ధాన్యం కొలవాలి. పోయినసారి మా పక్క చేను నష్టపరిహారం హైదరాబాద్‌లో ఉంటున్న ఆసామి ఖాతాకి వెళ్లింది. ఆయనకి తన చేను ఏ వైపుందో కూడా గుర్తుండదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం కూడా పట్టాదారుకే ఇచ్చారు. ఈ విషయంలో మాత్రం రెండు రాష్ట్రాలూ ఒక్కటే.

పొలానికి రాకుండానే పంట నమోదు అయిపోతుంది, అర్జీ ఇస్తే సర్వర్ పనిచేయదు. ఏ చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. గ్రామసభ పెట్టి అడిగి రాసుకోవడానికి యజమాని సంతకం దేనికి? సంతకం నిబంధన తీసేయండి, సాగు చేసేవాడి పేరు మీదే అప్పు, పరిహారం ఇవ్వండి. నాకొచ్చే 6,000 ఆగితే నేనేమీ పస్తులుండను.

కార్డు గడువు తీరే నాటికి మీ ఫొటోగ్రాఫర్‌ని ఇంకోసారి మా ఊరు పంపండి. మనుషులు వాళ్లే ఉంటారు, నవ్వుతారో లేదో చూసి వేయండి.

– రెండెకరాల ఆసామి, భీమవరం