ఈసారి ముందు కాగితం మీద

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా మనసులోనే ఉంది. ప్రాజెక్టు కోసం ఆరుగురు కూర్చుని బ్రెయిన్‌స్టార్మింగ్, అంటే అందరూ కలిసి తోచిన ఆలోచనలు చెప్పుకోవడం, చేశారని, నీ వంతు వచ్చేసరికి ఏమీ తట్టలేదని చెప్పి, "నాకు క్రియేటివిటీ లేదు నాన్నా" అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది అలెక్స్ ఆస్బోర్న్ అనే అమెరికన్. అడ్వర్టైజింగ్‌లో పనిచేశాడు. ఎవరి ఆలోచననూ అప్పుడే తప్పుపట్టకూడదు, విడ్డూరంగా ఉన్నా రానివ్వాలి, వీలైనన్ని పోగెయ్యాలి, ఒకరు చెప్పినదానికి ఇంకొకరు జోడించాలి అన్నాడు. ఇవన్నీ మంచివే. కానీ ఒంటరిగా కంటే గుంపులో మనిషికి రెట్టింపు ఆలోచనలు వస్తాయని కూడా నమ్మాడు. అది నిలబడలేదు. 1958లో యేల్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి చూస్తే, నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికంటే నలుగురు విడివిడిగా ఆలోచించినవి కలిపితేనే ఎక్కువ వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి కదా, ఆగేలోపు తట్టింది కాస్తా జారిపోతుంది. నీకూ అదే జరిగిందని నా నమ్మకం.

అందుకే ముందు ఒంటరిగా సాధన చెయ్యి. ఒక వస్తువు తీసుకుని, దాంతో ఏమేం చేయొచ్చో పది నిమిషాలు రాయి. గిల్‌ఫర్డ్ అనే సైకాలజిస్టు ఇటుకతో ఇలాంటి పరీక్షే పెట్టేవాడు. మొన్న నేను గొడుగు తీసుకున్నాను. వాన, ఎండ, చేతికర్ర, పైనున్న వస్తువును లాగే కొక్కెం... ఏడు ఉపయోగాలు రాసి ఆగిపోయాను. రెండు నిమిషాలు ఒక్క ముక్క రాలేదు. లేచిపోవాలనిపించింది, అయినా పెన్ను వదల్లేదు. ఉన్నట్టుండి గుడ్డ ఊడిపోయిన గొడుగు కళ్ల ముందు కనిపించింది. ఆ ఊచలకు తీగ పాకించొచ్చు, చేతిరుమాళ్లు ఆరేయొచ్చు. ఊడిన గుడ్డతో సంచి కుట్టొచ్చు. తలకిందులుగా వేలాడదీస్తే దీపానికి డోమ్. గొడుగును ముక్కలుగా చూడటం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. మొదట వచ్చినవి ఎవరికైనా వచ్చేవే. నీవి అనదగ్గవి ఆ ఖాళీ దాటాకే వస్తాయి, కాబట్టి అక్కడ లేచిపోకు తల్లీ.

అక్కడే ఇరుక్కుంటే ప్రశ్నను తిప్పెయ్యి. చేయాల్సిన పనిని పూర్తిగా చెడగొట్టాలంటే ఏం చేయాలో రాసి, ఒక్కొక్కదాన్నీ తిరగెయ్యి.

మీరు సరిగ్గా ఆరుగురున్నారు కాబట్టి ఇంకోటి చెప్తాను. ఈసారి ఎవరూ మాట్లాడకుండా, ఒక్కొక్కరు కాగితం మీద ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి పక్కవాళ్లకు ఇవ్వండి. వాళ్లు అవి చదివి, కింద ఇంకో మూడు రాస్తారు. ఆరు విడతలకు అరగంటలో 108 అవుతాయి. సగం పనికిరాకపోయినా ఫర్వాలేదు. గొంతు పెద్దగా ఉన్నవాళ్లదే గెలిచే బాధ తప్పుతుంది, నీ మూడూ కాగితం మీదుంటాయి.

ఈ వారం నీ సాధనకు వస్తువుగా కుర్చీని తీసుకో. నేనూ అదే రాస్తాను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇద్దరివీ చదువుకుందాం, ముందు నీది.

మీ నాన్న