ఏటా అవే రెండు ముక్కలేనా?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ 3న ‘చరిత్రలో ఈ రోజు’లో రాకేశ్ శర్మ గురించి రెండు ముక్కలు వేశారు. రోదసిలోకి వెళ్లిన తొలి భారతీయుడు, పైనుంచి భారత్ ఎలా కనిపిస్తోందని ఇందిరాగాంధీ అడిగితే ‘సారే జహాఁ సే అచ్ఛా’ అన్నాడు. ఏటా ఇవే. మా మనవడు బడి క్విజ్ కోసం వాటినే బట్టీ పట్టాడు. “అంతకుముందు ఆయనేం చేసేవాడురా?” అంటే “సైంటిస్టు, తాతా” అన్నాడు!

వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ పనులు చూసే మెకానిక్‌గా, చాలా ఏళ్లు మిగ్-21 యుద్ధవిమానాల దగ్గర పనిచేసినవాణ్ని. ఊరుకోబుద్ధి కాక రాస్తున్నాను.

శర్మ పుట్టింది పటియాలాలోనే అయినా చదివింది మన హైదరాబాద్‌లో. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు, తర్వాత నిజాం కాలేజీ. 1966లో సైనికాధికారులకు శిక్షణనిచ్చే ఎన్‌డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) వెళ్లి 1970లో పైలట్ అయ్యాడు. మరుసటేడే పాకిస్థాన్‌తో యుద్ధం. నిండా ఇరవై మూడేళ్లు లేని కుర్రాడు మిగ్-21లో 21 సార్లు యుద్ధానికి ఎగిరాడు. ఆ విమానం సంగతి మాకు తెలుసు. రన్‌వే మీద వాలేటప్పుడు కూడా గంటకు 300 కిలోమీటర్ల పైనే ఉంటుంది. వేగం తగ్గించే పారాచూట్, అదే టెయిల్ చూట్, వెనక విచ్చుకునేదాకా కింద నిలబడ్డ మాకే ఊపిరాడేది కాదు, లోపలున్నవాడి సంగతి చెప్పాలా? ఆ తర్వాత విమానాలను ఎగరేసి పరీక్షించే టెస్ట్ పైలట్ అయ్యాడు. 1982లో రోదసి యాత్రకు ఎంపిక చేసింది అలాంటి మనిషిని. 1984లో సోవియట్ వ్యోమనౌక సోయుజ్ టీ-11లో వెళ్లి, వాళ్ల అంతరిక్ష కేంద్రం సల్యూత్-7లో ఉండి, ఎనిమిది రోజులకు కాస్త తక్కువలో తిరిగొచ్చాడు. కజకిస్థాన్ నేల మీద దిగింది కూడా పారాచూట్ కిందే. “చూట్ మడిచినవాడు మనలాంటివాడే అయ్యుంటాడు” అని మా బ్యాచ్‌వాళ్లం తెగ మురిసిపోయాం.

అశోక చక్ర వచ్చింది, సోవియట్ వీరుడి బిరుదు వచ్చింది. వాటితో హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన మాత్రం 1987లో ప్రభుత్వ విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌లో చేరి, నాసిక్‌లో చీఫ్ టెస్ట్ పైలట్‌గా మళ్లీ మిగ్‌లే ఎక్కాడు. కొత్తగా తయారైన విమానాన్ని, మరమ్మతు చేసిన విమానాన్ని ముందుగా గాల్లోకి తీసుకెళ్లి చూసే పని అది. నన్నడిగితే ఆ ఎనిమిది రోజులకన్నా ఈ ఉద్యోగమే పెద్దది. నా మాట ఎవరు ఒప్పుకుంటారో తెలియదు.

మొన్న 2025 జూన్‌లో శుభాంశు శుక్లా రోదసిలోకి వెళ్లినప్పుడు మీ పేజీల నిండా ఆయన ఏం తిన్నాడు, ఏం తీసుకెళ్లాడు అన్నదే. ఆయనా వాయుసేన టెస్ట్ పైలటే. ఆ మాట ఎక్కడో చివరి పేరాలో దొరికింది.

ఇంకొకటి. శర్మతోపాటే రష్యన్ నేర్చుకుని, మాస్కో దగ్గర స్టార్ సిటీలో అదే శిక్షణ పొంది, శర్మకు ఏ జ్వరమో వస్తే తాను ఎక్కాల్సినవాడు రవీశ్ మల్హోత్రా. ఆయనా వాయుసేన పైలటే. జ్వరం రాలేదు, ఆయన ఎక్కలేదు. వచ్చే ఏప్రిల్ 3న ఆయన పేరు కూడా వేయండి. ఇంకో లైను పడుతుంది, అంతే.

– విశ్రాంత సార్జెంట్, మల్కాజిగిరి