తల్లిని బయట కూర్చోమనే మాట

గుంటూరు

బుజ్జమ్మా,

హౌస్ సర్జన్లకీ, పీహెచ్‌సీ డాక్టర్లకీ కౌమారంలో ఉన్న పిల్లల వైద్యం గురించి ఒక పూట ట్రైనింగ్ నిన్నే చెయ్యమన్నారు కదా, నువ్వు పంపిన స్లైడ్లు చూశాను. 90 ఉన్నాయి. ‘10 నుంచి 19 ఏళ్లు’ అన్న డబ్ల్యూహెచ్‌వో నిర్వచనంతో మొదలై టానర్ దశలు (యుక్తవయసులో శరీరం ఎదిగే మెట్లు), రక్తహీనత, టీకాలు, అన్నీ పెట్టావు. అవన్నీ వాళ్లు ఇంట్లో చదువుకుంటారు. చదివితే రానిది ఒకటుంది. పదిహేనేళ్ల పిల్లని తీసుకొచ్చిన తల్లిని, ఆవిడ మనసు నొచ్చుకోకుండా, పది నిమిషాలు బయట కూర్చోబెట్టడం. ఆ పూటలో ఎక్కువ భాగం దానికే పెట్టు.

మన దగ్గర పిల్ల నోరు తెరిచేలోపే తల్లి చెప్పేస్తుంది. డాక్టరూ ఆవిడనే అడుగుతాడు, “డేట్ ఎప్పుడొచ్చిందండీ?” అని. సగంలో ఉన్నట్టుండి బయటికి వెళ్లమంటే ఆవిడకి గుండెల్లో రాయి పడుతుంది, పిల్ల మీద అనుమానమూ మొదలవుతుంది. అందుకని గదిలోకి రాగానే, అందరికీ చెప్పే మాటలా చెప్పాలి: “ఈ వయసు పిల్లలందరితో కాసేపు విడిగా మాట్లాడతామమ్మా, ఇక్కడ పద్ధతి అంతే. ముందు మీరు చెప్పండి, తర్వాత ఓ పది నిమిషాలు బయట కూర్చుందురు గాని.” దీన్ని ప్రతి ఒక్కరిచేతా పైకి పలికించు. శరీర పరీక్షకి మాత్రం సిస్టర్ లేకుండా ముట్టుకోకూడదు.

తల్లి అటు వెళ్లగానే చాలామంది చేసే తప్పు, “నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను” అని మాటిచ్చేయడం. నిలబెట్టుకోలేని మాట అది. పిల్లలపై లైంగిక నేరాల కోసం చేసిన 2012 పోక్సో చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఇద్దరికీ ఇష్టమే అన్నా చట్టానికి పట్టదు. కాబట్టి అడగకముందే హద్దు చెప్పాలి: “నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే మాత్రం దాచలేను. నిన్నెవరైనా ముట్టుకుంటున్నారని తెలిసినా దాచలేను. ఎవరికి చెప్పాల్సి వచ్చినా ముందు నీకు చెప్పాకే చెప్తాను.” ఇష్టపడి కలిసిన సంగతి కూడా ఇందులోకే వస్తుందని పిల్లకి అర్థమయ్యేలా చెప్పడంలో అందరూ తడబడతారు. రెండుసార్లు చేయించు. అబార్షన్ కోసం వచ్చిన మైనరు విషయంలో, ఆ పిల్లా సంరక్షకులూ కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో పేరూ వివరాలూ బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలియక భయపడి పిల్లని తిప్పి పంపేసే డాక్టర్లుంటారు.

ప్రశ్నల వరసకి ‘హెడ్స్’ పద్ధతి చాలు: ఇల్లు, చదువు, కాలక్షేపం, మత్తు, లైంగిక విషయాలు, ఆత్మహత్య ఆలోచనలు. తేలికైనవి ముందు, బరువైనవి చివర. గుంటూరు, విజయవాడల్లో ‘ఇల్లు’ అంటే చాలామందికి హాస్టలే. గదిలో ఎంతమంది, స్టడీ అవర్ ఎన్నింటి దాకా, నిన్న రాత్రి ఏం తిన్నావు అని అడగాలి. ర్యాంకెంత అని అడిగితే మాత్రం డాక్టరు కూడా ఇంకో లెక్చరర్ అయిపోతాడు.

ఆఖరి ప్రశ్న దగ్గర మన తెలుగే మోసం చేస్తుంది. “అలాంటి ఆలోచనలేం లేవుగా?” అంటాం. ఆ ‘లేవుగా’లోనే జవాబు ఉంది, పిల్లాడు “లేవు” అంటాడు, కాగితం మీద టిక్కు పడుతుంది. “ఈ మధ్య చచ్చిపోతే బాగుండనిపించిందా?” అని తిన్నగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వట్టిది. అవునంటే ఎలా అనుకున్నావు, ఎప్పుడు, ఇంట్లో ఏముంది అని వరసగా అడగాలి. మన పల్నాడు వైపు మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బా వసారాలోనే ఉంటుంది. క్షణికావేశం దాటేసరికి ఆలస్యమైపోతుంది, పారాక్వాట్ అనే కలుపు మందు అయితే విరుగుడే లేదు. మందు డబ్బాకి తాళం వేసి తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర పెట్టుకోమనడం కూడా చికిత్సే. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వాలి. అలాంటి పిల్లాణ్ని ఒంటరిగా ఇంటికి పంపకూడదు.

నేర్పేది ఇలా. నలుగురేసి జట్లు: డాక్టరు, పిల్ల, తల్లి, చూసేవాళ్లు ఒకరు. 8 నిమిషాలు నటించాలి, 5 నిమిషాలు మాట్లాడుకోవాలి, తర్వాత పాత్రలు మారాలి. నాలుగు వంతులకి గంటలోపే సరిపోతుంది. తల్లి పాత్ర వేసేవాళ్లకి ‘మొదటిసారి అడిగితే లేవకు’ అని చీటీ ఇవ్వు. పిల్ల పాత్రకి మూడు నిమిషాల దాకా ‘ఏం లేదు’, ‘తెలీదు’ తప్ప వేరే మాట ఉండకూడదు. చూసేవాళ్లు మెచ్చుకోళ్లు రాయనక్కర్లేదు. మొదటి ప్రశ్న ఎవరిని అడిగారు, తల్లి ఎన్నో నిమిషంలో లేచింది, హద్దు ముందు చెప్పారా తర్వాత చెప్పారా, ఇవి రాస్తే చాలు. చచ్చిపోవాలనుకునే పాత్ర ఇష్టం లేనివాళ్లకి అంటగట్టకు. అయిపోగానే సొంత పేరు పెట్టి పిలిచి, కాసేపు మామూలు కబుర్లు చెప్పు.

మిగిలిన గంట వైద్యానికి. ఆడపిల్ల డేట్ తప్పితే వెంటనే స్కానింగ్, రిపోర్టులో ‘పీసీఓడీ’, ఇది ఊరంతా ఉన్న జబ్బు! రజస్వల అయిన ఎనిమిదేళ్ల దాకా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే జబ్బు, పీసీఓడీ అన్నా ఇదే) తేల్చడానికి స్కానింగ్ పనికిరాదు. మొదటి ఏడాది డేట్లు అటూ ఇటూ అవడం సహజం. ఆ తర్వాత మూడో ఏడు దాకా 21 నుంచి 45 రోజులకోసారి రావడం మామూలే. మొదటి నెలసరి నుంచీ గంటకో ప్యాడు తడిసిపోతుంటే మాత్రం హిమోగ్లోబిన్‌తో ఆగకుండా రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ జబ్బు కోసం చూడాలి. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా చూడటానికి. వచ్చాక అది చాలదు, రోజూ మాత్ర కావాలి.

ఇంకొకటి, డాక్టర్ల తలకి తట్టనిది. ఓపీ చీటీ మీద రాసే ఫోన్ నంబరు నాన్నది. గదిలో ఎంత గుట్టుగా మాట్లాడినా ల్యాబ్ మెసేజ్ తిన్నగా ఆయనకే పోతుంది. ప్రెగ్నెన్సీ టెస్ట్ రాసేముందే రిపోర్టు ఎవరి చేతికి వస్తుందో కనుక్కోమను.

ఆ నాలుగు వంతుల్లో నటించడానికి నాలుగు కేసులూ రాసి శనివారం లోపు పంపు. తల్లి మాటలు నేను దిద్దిపెడతాను, అవి నాకు బాగా వచ్చు.

అమ్మ