ఇరాక్‌లో చవక ప్రయాణం: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో ఇరాక్ యాత్ర గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. బాబిలోన్, నజఫ్, సమర్రాల వర్ణన చక్కగా ఉంది. అయితే వ్యాసకర్త ఆ దేశాన్ని తక్కువ ఖర్చుతో చూసి రాదగినదని ఒక్క మాటలో తేల్చేశారే గాని, ఆ తక్కువ ఖర్చు ఎలా సాధ్యమవుతుందో, ఏ విషయంలో అది ప్రాణం మీదికి తెస్తుందో చెప్పకుండా వదిలేశారు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి కర్బలా జియారత్‌కు, అంటే అక్కడి దర్గాల యాత్రకు, వెళ్లేవారు, మా జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం వెళ్లినవారు, ఈమధ్య వీడియోలు చూసి వీపున సంచి తగిలించుకుని బయలుదేరుతున్న యువకులు మీ పాఠకుల్లో ఉంటారు కాబట్టి, ఆ దేశంలో బస్సుల్లోనూ షేర్ టాక్సీల్లోనూ తిరిగిన మనిషిగా కొన్ని విషయాలు రాస్తున్నాను.

ముందుగా పొదుపు సంగతి. ఇరాక్‌లో తిండి, ఊరి నుంచి ఊరికి ప్రయాణం, సాదా హోటల్ గది సామాన్యుడికి అందుబాటులోనే ఉంటాయి. అక్కడి జనం వెళ్లే దారినే మనమూ వెళ్లడం చవకే కాదు, చాలాసార్లు క్షేమం కూడా, ఎందుకంటే నల్లద్దాల ప్రత్యేక వాహనం కంటే నలుగురితో కలిసి కూర్చున్న టాక్సీ ఎవరి కంటా అంతగా పడదు. ఖర్చు తగ్గించకూడనివి వేరే ఉన్నాయి: కాగితాలు, ప్రయాణించే వేళ, తిరిగి రావడానికి దాచుకోవలసిన డబ్బు. మన వాళ్లు సరిగ్గా వీటి దగ్గరే చేయి బిగబడతారు.

కాగితాల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఇరాక్‌లో అడుగుపెట్టే భారతీయులకు ముందుగా వీసా ఉండాలి. ఎర్బిల్, సులేమానియా, దొహుక్‌లు ఉన్న కుర్దిస్తాన్ ప్రాంతానికి విడిగా ఇచ్చే వీసా బాగ్దాద్‌కు గాని, నజఫ్‌కు గాని చెల్లదు. చవకగా దొరికిందని కుర్దిస్తాన్ వీసాతో దిగి, అక్కడి నుంచి కర్బలాకు రోడ్డు మీద వెళ్లిపోవచ్చని చెప్పే ఏజెంట్లను నమ్మితే, దారిలోని మొదటి పెద్ద తనిఖీ కేంద్రం దగ్గరే ప్రయాణం ఆగిపోతుంది. ఏ వీసా ఎలా దొరుకుతుందన్న నిబంధనలు అక్కడ తరచూ మారుతుంటాయి కాబట్టి, టికెట్ కొనేముందు ఢిల్లీలోని ఇరాక్ రాయబార కార్యాలయం చెప్పిన మాటనే ప్రమాణంగా తీసుకోవాలి. జియారత్ బృందంతో వెళ్లేవారి పాస్‌పోర్టులు సాధారణంగా బృంద నాయకుడి దగ్గరో హోటల్లోనో ఉండిపోతాయి. అలాంటప్పుడు పాస్‌పోర్టు, వీసా, దేశంలోకి ప్రవేశించినప్పుడు వేసిన ముద్ర ఉన్న పేజీల నకళ్లు, హోటల్ పేరు అరబ్బీలో అచ్చయిన కార్డు జేబులో లేకుండా వీధి చివరి దుకాణానికి కూడా వెళ్లకూడదు.

మా జిల్లా అనుభవం నుంచి చెప్పవలసిన మాట మరొకటి ఉంది. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకోవచ్చనే ఆశ చూపి ఏజెంట్లు పంపిన మనుషులు, వీసా గడువు దాటి, జరిమానా రోజురోజుకూ పెరిగి, తిరిగి రావడానికి దిక్కులేక ఎర్బిల్ పరిసరాల్లో చిక్కుకుపోయిన సంఘటనలు ఉత్తర తెలంగాణలో చాలా ఇళ్లకు తెలుసు. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరిగా తీసుకోవలసిన 18 దేశాల్లో ఇరాక్ ఒకటి. ఆ అనుమతి రుసుమునూ, అందుకు పట్టే సమయాన్నీ తప్పించుకోవడానికి వేసే యాత్రికుడి వేషం చివరికి అన్నిటికంటే ఖరీదైనదిగా తేలుతుంది.

డబ్బు దగ్గరికి వస్తే, ఇరాక్ ఇప్పటికీ ప్రధానంగా నోట్ల మీదే నడిచే దేశం. మన కార్డు ఏటీఎంలో పనిచేయవచ్చు, పనిచేయకపోవచ్చు. దాని మీద భరోసా పెట్టుకోకూడదు. ఈ ఇబ్బందిని గుర్తించే కావచ్చు, విదేశాలకు వెళ్లే భారతీయులు నోట్ల రూపంలో తీసుకెళ్లడానికి రిజర్వ్ బ్యాంక్ మామూలుగా అనుమతించే 3,000 డాలర్ల పరిమితిని ఇరాక్, లిబియాల విషయంలో 5,000 డాలర్లుగా ఉంచింది. అంత అవసరం లేదు గాని, తెచ్చుకున్న డాలర్ నోట్లు కొత్తవిగా, చిరుగూ మరకా లేకుండా ఉండాలి; పాత నోట్లను, నలిగిన నోట్లను అక్కడి మార్పిడి దుకాణాలు తోసిపుచ్చుతాయి, లేదా ధర తగ్గిస్తాయి. 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం దినార్ అధికారిక మారకం రేటును డాలరుకు 1,300గా సవరించింది. బజారు రేటు దీనికంటే ఎక్కువగానే పలుకుతూ వచ్చింది. అందువల్ల విమానాశ్రయంలో కొద్దిగా మార్చుకుని, మిగిలినది ఊళ్లోని దుకాణంలో మార్చుకోవడమే లాభం. దుకాణం ముందు రాసే రేటు నూరు డాలర్లకని, బేరంలో "అయిదు" అంటే అయిదువేల దినార్లని తెలియక చాలామంది తికమక పడతారు. అరబ్బీ భాష రాకపోయినా ఫరవాలేదు గాని, ఆ లిపిలోని పది అంకెలను విమానంలోనే నేర్చుకోవాలి. నోటుకు ఒకవైపు విలువ, చాలా టాక్సీల నంబరు, సరుకు ధర వాటితోనే ఉంటాయి.

బాగ్దాద్ నుంచి ఊళ్లకు వెళ్లే వాహనాలు "గరాజ్" అని పిలిచే అడ్డాల నుంచి బయలుదేరుతాయి. నహ్దా గరాజ్ నుంచి బస్రా వైపు, అలావీ గరాజ్ నుంచి కర్బలా, నజఫ్‌ల వైపు వాహనాలు దొరుకుతాయి. సీట్లు నిండాకే కదిలే షేర్ టాక్సీలో సీటుకు ఇంత అని ఇవ్వాలి. తొందరగా ఉంటే ఖాళీ సీట్ల డబ్బు కూడా తామే ఇచ్చి బయలుదేరవచ్చు. ఒంటరిగా ప్రయాణించే స్త్రీ పక్కనున్న రెండు సీట్లు తీసుకోవడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించదు, అది వృథా ఖర్చు కూడా కాదు. కర్బలా దాదాపు నూరు కిలోమీటర్లు, నజఫ్ నూట అరవై. తెల్లవారి బయలుదేరితే ఎండ ముదరకముందే చేరవచ్చు. బస్రా అయిదువందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి దానికి రాత్రి రైలు మంచిది: పడక దొరుకుతుంది, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. రైలు సంగతి వేరుగాని, రోడ్డు మీద మాత్రం చీకటి పడ్డాక వాహనంలో ఊరు దాటకూడదు. ఆ దేశంలో దీనిని భద్రతా సూత్రంగానే కాదు, మామూలు ఇంగితంగా పాటించాలి, ఎందుకంటే రాత్రివేళ ఇరాక్ హైవేలపై వేగం, వెలుగులేని లారీలు మనుషులను బలి తీసుకోవడానికి ఏ తుపాకీ అక్కరలేదు.

"సైతరా" అనే తనిఖీ కేంద్రాలు ప్రతి పట్టణం ముందూ ఉంటాయి. విదేశీ పాస్‌పోర్టు చూసినప్పుడు సైనికుడు దిగమంటాడు, ఎక్కడికి, ఎందుకు, ఏ హోటల్ అని అడుగుతాడు, ఫోటో తీసుకుంటాడు. తోటి ప్రయాణికులు మన కోసం ఎదురుచూస్తారు. విసుక్కోకుండా, ఫోన్ బయటికి తీయకుండా, సమాధానాలు క్లుప్తంగా చెబితే చాలు. తనిఖీ కేంద్రాలను, వంతెనలను, పోలీసులను, ప్రభుత్వ భవనాలను ఫోటో తీయడం, డ్రోన్ వెంట తీసుకెళ్లడం పూర్తిగా మానుకోవాలి. వీడియోల కోసం వెళ్లే కుర్రవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పి పంపమని తల్లిదండ్రులను కోరుతున్నాను.

తిండికి భయపడనక్కరలేదు, శాకాహారులు కూడా. ఫలాఫెల్ అనే శనగ వడలు పెట్టిన సమూన్ రొట్టె, పప్పు చారు, అన్నం, బీన్స్ కూర ఎక్కడైనా దొరుకుతాయి. ఆ రొట్టెలో వేసే "అంబా" అనే పసుపుపచ్చని మామిడి ఊరగాయ బొంబాయి వర్తకంతో అక్కడికి చేరి స్థిరపడినదే. మన ఆవకాయ ఘాటు దానికి లేకపోయినా, పరదేశంలో నాలుక దాన్ని గుర్తుపడుతుంది. పొద్దున గేదెపాల మీగడ, ఖర్జూర పాకం, వేడి రొట్టె తింటే మధ్యాహ్నం వరకు ఆకలి వేయదు. మస్గూఫ్ అనే కాల్చిన చేపకు మాత్రం ముందే ధర అడగాలి. కొళాయి నీళ్లు తాగకూడదు, ముఖ్యంగా బస్రాలో. 2018లో అక్కడ కలుషితమైన నీటివల్ల లక్షమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు.

నజఫ్, కర్బలాల్లో యాత్రికుల కోసం కట్టిన హోటళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. పర్వదినాలు కాని రోజుల్లో అవి చవక. దర్గాల దగ్గర సామాను, ఫోన్లు భద్రపరిచే చోట్లు ఉంటాయి. ఇమాం హుసేన్ వర్ధంతి తర్వాత నలభయ్యో రోజున జరిపే అర్బయీన్ రోజుల్లో గది దొరకదు, దొరికినా ధర చుక్కల్లో ఉంటుంది. కానీ నజఫ్ నుంచి కర్బలా వరకు సుమారు 80 కిలోమీటర్ల కాలినడక దారి పొడవునా, నంబర్లు వేసిన 1,452 స్తంభాల వెంట, "మౌకిబ్" అనే గుడారాల్లో స్థానికులు ఉచితంగా భోజనం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి, నడిచేవారి కాళ్లు కూడా ఒత్తుతారు. మతం అడగరు. తీర్థయాత్రలో అన్నదానం విలువ తెలిసిన మనకు దానిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. అయితే దానిని ఉచిత వసతిగా లెక్కవేసుకుని డబ్బులేకుండా బయలుదేరడం మాత్రం అతిథికి తగిన పని కాదని నా అభిప్రాయం.

అర్బయీన్ చాంద్రమాన పర్వం కాబట్టి ప్రస్తుతం ఆగస్టు ప్రాంతంలో పడుతున్నది. అప్పుడు దక్షిణ ఇరాక్‌లో ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు చేరడం మామూలే. 2016 జూలైలో బస్రాలో 53.9 డిగ్రీలు నమోదయింది. మన రామగుండం ఎండకు అలవాటు పడ్డవాళ్లు కూడా అక్కడ పగలు నడవకూడదు, రాత్రిపూట నడవాలి. వసంతకాలంలో ఇసుక తుపానుల బెడద ఉంటుంది. 2022 మే నెలలో అవి విమానాశ్రయాలను మూయించి, ఊపిరి ఆడక వేలమందిని ఆసుపత్రులకు చేర్చాయి. ఉబ్బసం ఉన్నవారు మందుతో పాటు మంచి మాస్కు పెట్టుకోవాలి. తేదీ మన చేతిలో ఉంటే నవంబరు నుంచి మార్చి లోపల వెళ్లడం ఉత్తమం. వేసవిలో వెళ్లేవారు మరో సంగతి గమనించాలి: బడిపిల్లల ప్రభుత్వ పరీక్షల్లో కాపీలు అరికట్టడానికి తెల్లవారుజామున కొన్ని గంటల పాటు దేశమంతటా ఇంటర్నెట్ ఆపేసే అలవాటు అక్కడ ఉంది. కాబట్టి పటాలు, హోటల్ చిరునామా, టికెట్లు ముందుగానే ఫోన్లో దాచుకోవాలి.

యుద్ధం విషయానికి వద్దాం. ఇస్లామిక్ స్టేట్ మీద విజయం సాధించామని బాగ్దాద్ ప్రకటించింది 2017 డిసెంబరులో. మోసుల్‌లో కూల్చివేసిన అల్ హద్బా మినార్ తిరిగి లేచి 2025 సెప్టెంబరులో ప్రారంభమయింది. ఈ మార్పు నిజమే. అయినా పేలకుండా మిగిలిన మందుపాతరలు పొలాల్లో, పాడుబడిన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఎర్ర గుర్తు వేసిన రాయి గాని, బోర్డు గాని కనిపిస్తే ఆగిపోవాలి, కనిపించకపోయినా తారు రోడ్డు, నలుగురు నడిచిన కాలిబాట దాటకూడదు. కర్బలాకు దగ్గరలో ఎడారి మధ్యనున్న ఉఖైదిర్ కోటకు టాక్సీ మాట్లాడుకుని వెళ్లి రావచ్చు. హత్రా శిథిలాలకు, అన్బార్ ఎడారికి, హవీజా పరిసరాలకు అలా తెగించి వెళ్లడం సాహసం కాదు, తెలివితక్కువతనం. మనం భారతీయులం, హిందీ సినిమాలంటే వారికి ప్రాణం, మనకేమీ కాదు అనే మాట తరచూ వింటుంటాను. ఆ అభిమానం నిజమే. 2014 జూన్‌లో మోసుల్‌లో అపహరణకు గురై హతులైన 39 మంది కార్మికులు కూడా భారతీయులే.

ఇప్పుడు ప్రమాదం ఎక్కువగా ఆకాశం వైపు నుంచి వస్తున్నది. 2025 జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య యుద్ధం మొదలవగానే, అందులో పాలుపంచుకోని ఇరాక్ గగనతలం మూతపడింది, యాత్రికులు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. విడివిడిగా కొన్న, డబ్బు వాపసు రాని చవక టికెట్ల అసలు ధర అప్పుడు తెలుస్తుంది. భూమార్గాన కువైట్, సౌదీ, జోర్డాన్, టర్కీ, ఇరాన్ సరిహద్దులు ఉన్నా, వీసా లేనివారికి అవి దారులు కావు. మన బీమా పాలసీలు చాలావరకు యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి. ఆ నిబంధన చదివే కొనాలి. అదనంగా పది, పదిహేను రోజుల తిండికీ గదికీ, ఒక కొత్త విమాన టికెట్‌కీ సరిపడా డబ్బు విడిగా ఉంచుకోలేనివారు ఆ సంవత్సరానికి ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు. బాగ్దాద్‌లోని మన రాయబార కార్యాలయం, ఎర్బిల్‌లోని కాన్సులేట్ ఫోన్ నంబర్లు ఫోన్లోనే కాక కాగితం మీద కూడా రాసుకోవాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఇలాంటి దేశాల గురించి యాత్రా వ్యాసం వేసినప్పుడు, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వర్తించే నిబంధనలను మన విదేశాంగ శాఖ ప్రకటనల నుంచి సరిచూసి పక్కనే పెట్టెకట్టి ప్రచురించండి. ఐరోపా యాత్రికుల వీడియోల్లో యెమెన్ కూడా అందంగానే కనిపిస్తుంది. కానీ 2017 నుంచి కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా భారతీయులు అక్కడికి వెళ్లడం నిషిద్ధమని, వెళ్తే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకునే అవకాశం ఉందని ఆ వీడియోలు చెప్పవు. ఇరాక్ వ్యాసం పక్కన కుర్దిస్తాన్ వీసా సంగతి, ఎమిగ్రేషన్ అనుమతి సంగతి నాలుగు వాక్యాల్లో ఉండి ఉంటే, ఈ ఉత్తరం ఇంత పొడవుగా రాయవలసిన అవసరం ఉండేది కాదు.

భవదీయుడు,
మీ పాఠకుడు,
జగిత్యాల