మల్లెల తీర్థం మెట్ల మీద మావారిని మోసిన తమ్ముడికి

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఇది రెండో రోజు. మావారు మందుల మత్తులో నిద్రపోతున్నారు. కాలు మూడు దిండ్ల మీద ఎత్తి పెట్టి ఉంది. ఆరు రాత్రులుగా సరైన నిద్ర లేకపోయినా నాకు మాత్రం కన్ను మూతపడడం లేదు. మూసినప్పుడల్లా ఆ మెట్లే కనిపిస్తున్నాయి. కాస్త తేరుకున్నాక నిదానంగా రాయవచ్చునని మా అమ్మ అంటోంది గాని, తేరుకున్నాక ఈ మాటలు ఇలాగే వస్తాయన్న నమ్మకం నాకు లేదు. అందుకే ఈ రాత్రే రాస్తున్నాను.

ఉగాది వెళ్ళిన తరువాతి ఆదివారం మేమిద్దరం నల్లమలలోని మల్లెల తీర్థానికి బయలుదేరాము. పెళ్ళయిన పదకొండేళ్ళలో పిల్లలు, బంధువులు ఎవరూ లేకుండా ఇద్దరమే ఒక రోజంతా ఎక్కడికైనా వెళ్ళడం అది మూడోసారో నాలుగోసారో. హైదరాబాదులో తెల్లవారుజామునే బయలుదేరి, శ్రీశైలం దారిలో డిండి, హాజీపూర్ దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవిలోకి ప్రవేశించాము. ఫరహాబాద్ దాటిన తరువాత వటవర్లపల్లి వద్ద పెద్ద రోడ్డు విడిచి లోపలికి తిరగాలి. అడవి చాలావరకు ఆకు రాల్చి ఉంది. ఆ ఎండిన కొమ్మల మధ్య మోదుగు పూలు ఎర్రగా విరగబూసి ఉన్నాయి, కారు అద్దం దించితే ఇప్పపూల తియ్యని వాసన లోపలికి వచ్చింది. ఇంత అందమైన ఉదయాన్ని తలుచుకున్నప్పుడల్లా ఇకపై నాకు ఆ సాయంత్రమే గుర్తుకు వస్తుందేమోనని భయంగా ఉంది.

సుమారు 350 మెట్లు దిగితే జలపాతం దగ్గరికి చేరుకుంటాము. ఎండలు ముదిరే ఆ రోజుల్లో వానాకాలపు హోరు ఉండదు. నాచు పట్టిన రాతి అంచుల మీదుగా, వేళ్ళాడే చెట్ల వేళ్ళ వెంబడి నీరు సన్నని ధారలుగా జారుతుంది. మేము ఆ నీడలో కూర్చుని పులిహోర తిన్నాము, పాదాలు నీళ్ళలో ఉంచి చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాము. మధ్యాహ్నం మూడు గంటలకు తిరిగి వెళ్దామని లేచినప్పుడు, నా చెప్పులు అందించడానికి మావారు ఒక రాయి మీద నుంచి ఇంకొక రాయి మీదికి అడుగు వేశారు. నాచు మీద కాలు జారింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. పాదం ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. ఆయన అరవలేదు, నా పేరు మాత్రం రెండుసార్లు పిలిచారు.

ఫోను తీశాను. సిగ్నల్ లేదు. 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన 108 నంబరు నాకు కంఠతా వచ్చు, కాని ఆ లోయలో ఆ నంబరుతో నేను ఎవరినీ పిలవలేకపోయాను. కేకలు వేశాను. అటుపక్క నీళ్ళలో ఉన్న ఇద్దరు విద్యార్థులు పరుగెత్తుకొచ్చారు గాని, వారు కూడా నాలాగే భయపడిపోయి నిలబడ్డారు.

అప్పుడు వచ్చారు ఆయన. వయసు ముప్ఫై దాటి ఉండదు. దగ్గరలోని పెంటకు, అంటే అడవిలోని చిన్న గూడేనికి చెందిన చెంచు. నడుముకు కత్తి, భుజాన ఎర్ర తువాలు ఉన్నాయి. నన్ను ఏమీ అడగకుండానే మావారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, విరిగిన కాలిని తాకకుండా కాసేపు చూసి, లేచి వెళ్ళి ఒక వెదురు కోసుకొచ్చారు. దాన్ని నిలువునా చీల్చి, పదును గీకి నునుపు చేసి, చీలికలకు తన తువాలు సగం చింపి చుట్టారు. తరువాత నా చున్నీ అడిగి తీసుకుని, మోకాలి కింద నుంచి పాదం వరకు కదలకుండా కట్టు కట్టారు. ఇదంతా ఆయన ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా చేశారంటే, ఆ పది నిమిషాలలోనే నా వణుకు సగం తగ్గింది. ఎముక కొస చర్మాన్ని చీల్చుకుని బయటికి రాకుండా ఆ కట్టే కాపాడిందని ఇక్కడ శస్త్రచికిత్స చేసిన వైద్యులు చెప్పారు.

పైనుంచి ఒక దుప్పటి తెప్పించి, పొడవైన కర్రకు దాని కొసలు ముడివేసి డోలీ కట్టారు. ముందు ఆయన, వెనుక ఇంకొక పెద్దమనిషి, పక్కన విద్యార్థులిద్దరు. ఇరవై ముప్ఫై మెట్లకు ఒకసారి ఆగుతూ ఎక్కసాగారు. దిగేటప్పుడు ఆడుతూ పాడుతూ దిగిన మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. సగం దూరంలో డోలీ ఒక పక్కకు ఒరిగింది, మావారు మొదటిసారి పెద్దగా అరిచారు. నేను మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. ఆయన డోలీ నిలబెట్టి, భుజం మార్చుకుని, నా వైపు తిరిగి అన్న మాట ఇది: "ఏడ్వకక్కా. మేము తేనెకు కొండ దిగేటప్పుడు తాడు బామ్మర్ది చేతులనే ఉంటది. అక్క పుస్తె కోసం వాడు తాడు ఇడువడు. బావను నేను పట్టుకున్న, నువ్వు ముందర నడువు."

చెంచులు తీగలతో పేనిన తాడు పట్టుకుని కొండ చరియల అంచున తేనె పట్ల దగ్గరికి దిగుతారని, పైన ఆ తాడును పట్టుకునేది దిగేవాని భార్య తోడబుట్టినవాడేనని నేను ఎప్పుడో చదివాను. చదివినప్పుడు అదొక వింత ఆచారంగా మాత్రమే తోచింది. నాకు సొంత తమ్ముడు లేడు. గంట క్రితం వరకు నా ముఖమైనా ఎరుగని మనిషి, నన్ను అక్కను చేసుకుని, ఆ వరుసతో మావారి బరువును తన భుజాన వేసుకున్నారు. ఆ మాట విన్న తరువాత మిగిలిన మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. ఇది రాస్తూ కూడా ఏడుస్తున్నాను.

పైకి చేరేసరికి ఐదు దాటింది. నాకు కారు నడపడం రాదు. విద్యార్థులలో ఒకరు మా కారు నడిపారు, ఇంకొకరు బండి మీద వెనుక వచ్చారు. తమ్ముడు (ఇకపై నేను ఆయనను అలాగే అంటాను) ఇంటికి వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. వెనుక సీటుకు ముందు సీటుకు మధ్యనున్న ఇరుకులో నేల మీద కూర్చుని, మావారి కాలిని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. గంటన్నరకు పైగా ప్రయాణంలో ప్రతి గుంత దగ్గర, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆ కుదుపును తన చేతులే తీసుకున్నాయి. చేతులు మార్చుకోవడం కూడా నేను చూడలేదు.

దగ్గరి పట్టణంలో మేము చేరిన ఆసుపత్రిలో జరిగినది చెప్పకుండా ఉండలేను. మావారిని లోపలికి తీసుకువెళ్ళిన తరువాత, తెచ్చినవాడివి నువ్వే గదా అంటూ తమ్ముడిని ఒక పక్కన నిలబెట్టారు. పేరేమిటి, ఆధార్ ఏది, ఎలా పడ్డాడు, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు అంటూ గంటకు పైగా ప్రశ్నలు వేశారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న విద్యార్థిని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నేను జోక్యం చేసుకుంటే, ఇది పద్ధతమ్మా అన్నారు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని తీసుకువచ్చే వ్యక్తిని వివరాల కోసం వేధించరాదని చెప్పే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లోనే ఆమోదించింది, 2019లో ఆ రక్షణ మోటారు వాహనాల చట్టంలోకి కూడా వచ్చింది. రోడ్డు మీద పడినవాడిని తెచ్చిన మనిషికి ఉన్న ఆ గౌరవం, జలపాతం దగ్గర పడినవాడిని భుజాన మోసుకొచ్చిన మనిషికి ఎందుకు ఉండకూడదు? ఇంకొక ప్రశ్న కూడా అడుగుతాను. సందర్శకులను రమ్మని పిలిచే ప్రతి అడవి జలపాతం దగ్గరా ఒక స్ట్రెచర్, కట్టు కట్టడానికి కాస్త సరంజామా, సిగ్నల్ లేని చోట ఒక వైర్‌లెస్ సెట్టు ఉంచడం అసాధ్యమైన పనేమీ కాదు. మాకు ఆ రోజు ఆ మూడింటిలో ఏదీ దొరకలేదు. దొరికినది ఒక మనిషి. అందరికీ ఆ అదృష్టం పట్టదు.

ఆ ప్రశ్నలు ముగిసేసరికి ఎనిమిదిన్నర దాటింది. పులుల అభయారణ్యం గుండా వెళ్ళే ఆ రోడ్డు మీద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. తమ్ముడు ఇక ఆ రాత్రి ఇల్లు చేరలేరు. నేను కంగారు పడితే, "నాకు ఈడ చుట్టాలున్నరక్కా, మీరు పోండ్రి" అన్నారు. డబ్బు ఇవ్వబోతే నా చేయి మూసి వెనక్కి నెట్టారు. మేము అంబులెన్సులో హైదరాబాదుకు బయలుదేరాము. మరుసటి రోజు మా కారు అప్పగించడానికి వచ్చిన విద్యార్థి అసలు సంగతి చెప్పాడు. ఆ పట్టణంలో ఆయనకు చుట్టాలెవరూ లేరట. తన గదికి రమ్మని ఎంత పిలిచినా మొహమాటపడి, ఆసుపత్రి వరండాలోనే ఒక మూల పడుకుని, తెల్లవారి మొదటి బస్సుకు వెళ్ళారట. మేము నిశ్చింతగా బయలుదేరాలని అబద్ధం చెప్పారు. రాత్రి భోజనం చేశారో లేదో కూడా నేను అడగలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆసుపత్రిలో పేరు చెప్పి అంతసేపు నిలబడిన మనిషి పేరును ఆయనను అడగకుండా పదిమందిలో పెట్టడానికి నాకు మనసు రాలేదు.

మావారికి మడమ పైన రెండు ఎముకలూ విరిగాయి. ప్లేటు, స్క్రూలు వేశారు. మళ్ళీ మామూలుగా నడుస్తారని వైద్యులు చెప్పారు. మా మరిది, అత్తగారు, పిల్లలను చూసుకున్న మా అమ్మ, అందరూ ఉన్నారు. వారికి వేరుగా చెప్పనవసరం లేదు.

కారు నడిపిన విద్యార్థికి, బండి మీద వెనుకే వచ్చిన ఆయన మిత్రునికి నా నమస్కారాలు. ఆ కుర్రవాళ్ళకు మరునాడు పరీక్ష ఉందని కూడా నాకు తరువాతనే తెలిసింది. డోలీ వెనుక కొస మోసిన పెద్దాయన పేరైనా అడగలేదు, నన్ను మన్నించాలి. ఎక్స్‌రే చీకటి గదిలో మావారి తల నిమిరిన రాత్రి విధుల నర్సమ్మకు, అంబులెన్సును ఒక్క కుదుపు లేకుండా నడిపిన డ్రైవరుగారికి, మేము లేని నాలుగు రోజులూ తులసికి నీళ్ళు పోసిన పక్కింటి పిన్నిగారికి కృతజ్ఞతలు. ఇంకా ఒకరిని మరచిపోయాను. మెట్ల పైన మజ్జిగ, ఉడికించిన పల్లీలు అమ్మే అవ్వ. ఆ డోలీ దుప్పటి ఆమెదే. పడుకోవడానికి ఆమెకు ఉన్న దుప్పటి అదొక్కటేనని కర్రకు ముడి వేస్తుండగా ఎవరో అన్నారు, ఆమె మాత్రం తీసుకుపొమ్మంది. అది మా కారులోనే వచ్చేసింది. ఈ రోజే ఉతికి ఆరవేశాను, దానితో పాటు సగం మిగిలిన ఎర్ర తువాలు కూడా. ఈ వారంలో ఎవరైనా వటవర్లపల్లి వైపు వెళ్తుంటే దయచేసి నాకు చెప్పండి, దుప్పటి ముందుగా పంపాలి. తువాలు మాత్రం మావారు నడవగలిగాక మేమిద్దరమే తీసుకువెళ్ళి ఇస్తాము.