విద్యాశాఖ మంత్రులిద్దరికీ ఒక జిరాక్స్ షాపు నుంచి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖలు చూస్తున్న మంత్రి గార్లకు నమస్కారం.

నాకు నల్గొండ జిల్లాలో ఒక చిన్న టౌన్లో జిరాక్స్ షాపు ఉంది. పరీక్షల సీజన్ వచ్చిందంటే దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లు క్యూ కడతారు. మెడికల్ షాపులో పనిచేసే కుర్రాడు, డిగ్రీ పూర్తి చేయాలనుకున్న హోంగార్డు, అంగన్‌వాడీ ఆయా, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లు. ఎవరో సీనియర్ దగ్గర దొరికిన మెటీరియల్‌నే ఒకరి తర్వాత ఒకరు పట్టుకొస్తారు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ, నాలుగో చేతికి వచ్చేసరికి ఒత్తులు కనపడవు, సున్నాలు ఎగిరిపోతాయి, అయినా అదే చదివి పరీక్ష రాస్తారు.

నేనూ ఆ బాపతే. షాపు నడుపుకుంటూనే డిగ్రీ చేశాను. ఏ యూనివర్సిటీ అన్నది వదిలేయండి, రెండో ఏడాది ఫీజు టైముకే కట్టాను, పుస్తకాలు మాత్రం స్టడీ సెంటర్‌కి పరీక్షలయ్యాక వచ్చాయి. ఎకనామిక్స్ పోయింది, సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఆ పంచాయితీ పెట్టడానికి ఈ ఉత్తరం రాయట్లేదు.

అడిగేది ఒకటే. ప్రభుత్వ డబ్బుతో తెలుగులో రాయించిన పాఠాలు, అంటే బడి పుస్తకాలు, ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ పుస్తకాలు, దూరవిద్య మెటీరియల్, తెలుగు అకాడమీ పుస్తకాలు, ఇవన్నీ ఎవరైనా కాపీ చేసుకునేలా, మార్చుకునేలా, పంచుకునేలా ఓపెన్ లైసెన్సుతో, ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే మామూలు యూనికోడ్ టెక్స్టుగా బయట పెట్టండి.

ఫ్రీగానే ఇస్తున్నాం కదా, పీడీఎఫ్‌లు కూడా ఉన్నాయి కదా అంటారేమో. మా పాప బడి పుస్తకం మొదటి పేజీల్లో ఉచిత పంపిణీ అని ఉంటుంది సార్. ఆ పక్కనే ఇంగ్లీషులో, హక్కులన్నీ పాఠశాల విద్యా డైరెక్టరువి, రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ వాడకూడదు అని కూడా ఉంటుంది. అంటే పుస్తకం ఫ్రీ, వాడకం కాదు. అందులో ఒక పాఠాన్ని గోండిలోకో, లంబాడాలోకో మార్చి గూడెం, తండా పిల్లలకి చెబుదామనుకున్న టీచరు ఎవరి అనుమతి తీసుకోవాలి? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణల మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. 2020లో అచ్చయిన సైన్సు పుస్తకం 2081లో గానీ అందరిదీ అవదు. అప్పటికి మా పాపకి మనవలు కూడా పుట్టేస్తారు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. హక్కు ఉన్నవాళ్లే అనుమతి ఇచ్చేయొచ్చు, ఆ హక్కు చాలావరకు మీ శాఖల, వాటి కిందున్న సంస్థల చేతిలోనే ఉంది, ఒక జీవో చాలు. పేరు చెప్పి వాడుకోండి, మార్చినదాన్ని కూడా ఇదే షరతు మీద పంచండి అని చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు రెడీగా ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ 2013లో మొదలైన తన ఆన్‌లైన్ పాఠాల నిధి ఎన్‌ఆర్‌ఓఈఆర్‌లో ఆ లైసెన్సే పెట్టుకుంది. పక్కనున్న ఒడిశాలో సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠాలకి అదే వాడింది. 2019 నవంబరులో యునెస్కో కూడా సభ్యదేశాలన్నింటికీ ఈ దారిలోనే నడవమని సిఫారసు చేసింది. మనమేమో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టుకున్నవాళ్లం, 1982లో, హైదరాబాదులో. దాన్ని నిలబెట్టిన జి. రాంరెడ్డి గారినే 1985లో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోకి మొదటి వైస్ చాన్స్‌లర్‌గా ఢిల్లీ పిలిపించుకున్నారు. అంత ముందున్నవాళ్లం కదా, ఈ ఒక్క విషయంలో ఇంకొకళ్ల వెనక నిలబడాలా?

ఇక ఫాంట్ల గోల. ఇది షాపులో కూర్చుంటేనే తెలుస్తుంది.

పోయిన ఏడాది చూపు లేని ఒక అమ్మాయి వాళ్ల తమ్ముణ్ని తోడు తీసుకుని వచ్చింది. ఫోన్లో పాఠం పీడీఎఫ్ ఉంది, తెర మీదున్నది పైకి చదివే టాక్‌బ్యాక్ పెడితే చదవట్లేదన్నా, కొంచెం చూడు అంది. వాట్సాప్‌లో తెలుగు మెసేజిలు చక్కగా చదివే అదే ఫోను, ఈ పాఠం దగ్గరికొచ్చేసరికి డాలరు, పర్సెంటేజీ, బ్రాకెట్టు అంటూ ఏవేవో గుర్తులు చదువుతోంది. ఎందుకంటే ఆ పుస్తకం డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడం, ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో చేశారు. కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల స్థానంలో మన అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, వెతికితే ఒక్క ముక్క దొరకదు. ఇంకొన్నయితే ఉత్త స్కానింగులే, అవి ఫోనుకి ఫొటోలతో సమానం. ఆ రోజు పద్నాలుగు పేజీలు నేనే కూర్చుని యూనికోడ్‌లో టైప్ చేసి పంపాను, ఒక్క పాఠానికి. సబ్జెక్టు మొత్తం చేయడం నా వల్ల కాదని చెప్పడానికి సిగ్గేసింది.

అభ్యంతరాలు నాకూ తెలుసు. గైడ్ల వాళ్లు ఎత్తి అచ్చేసుకుంటారంటారు. ఇప్పుడు ఆగారా సార్? ఓపెన్ లైసెన్సు ఉంటే కనీసం పాఠం ఎవరు రాశారో వాళ్ల పేరు వేయాలి, అదే షరతు మీద పంచాలి. లోపల వాడిన బయటివాళ్ల ఫొటోలు, కవితల సంగతి మాత్రం నిజంగానే చిక్కు, వాటిని విడిగా చూసుకోవాల్సిందే, రానివి పక్కన పెట్టండి. ఉమ్మడి రాష్ట్రంలో అచ్చయిన పుస్తకాలు ఎవరివి అన్న పేచీ కూడా ఉంది. తెలుగు అకాడమీ విభజన చట్టం పదో షెడ్యూలులో, అంటే ఉమ్మడి సంస్థల జాబితాలో ఇరుక్కుని ఎంత తిప్పలయిందో చూశాం. బిల్డింగులు, డిపాజిట్లు పంచుకోవాలి గానీ ఓపెన్ చేసేసిన పాఠంలో పంచుకోవడానికి ఏముంది? ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెడితే ఆ తగాదా అక్కడికి తెగిపోతుంది. మీ ఇద్దరూ కలిసి చేయగల పని ఇంతకన్నా తేలికైంది నాకైతే కనపడట్లేదు.

టీ-శాట్ లాంటి వీడియో పాఠాలు మంచివే, కాదనను. కానీ రాత్రి పదింటికి డ్యూటీ దిగిన హోంగార్డు గంట వీడియో చూస్తూ నిద్రపోతాడు, నాలుగు పేజీలైతే బస్సులో చదువుకుంటాడు.

పాతవన్నీ ఒక్క రోజులో మార్చమనట్లేదు. ముందు ఈ ఏడాది కొత్తగా రాయించే పుస్తకాలతో మొదలుపెట్టండి. డీటీపీ టెండరులో యూనికోడ్ టెక్స్టు ఫైలు కూడా అప్పగించాలని ఒక లైను, రచయితల ఒప్పందంలో లైసెన్సు గురించి ఇంకో లైను. డీటీపీ ఎలాగూ చేయిస్తున్నారు, కొత్తగా పెట్టే ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు.

మరి నీ గిరాకీ పోదా అని మా ఆవిడ అడిగింది. కొంత పోతుంది. పూర్తిగా పోదు లెండి, కాగితం మీద గీతలు పెట్టుకుంటే గానీ చదవలేనివాళ్లు మా టౌన్లో బోలెడు మంది. వాళ్లకి ఒత్తులున్న కాపీ ఇస్తాను.

ఇట్లు,
నల్గొండ జిల్లా జిరాక్స్ షాపు వాడు

తా.క.: ఈ ఉత్తరం యూనికోడ్‌లోనే టైప్ చేశాను. ఆ అమ్మాయి ఫోను చదివింది.