చెల్లి ఎడ్యుకేషన్ ఆనర్స్ తీసుకోవాలా అని అడిగావు కదా

బరంపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ట్రాఫిక్ గురించి, మీ మేనేజర్ గురించి, హైదరాబాద్ ఇంటద్దెల గురించి అంతా చెప్పి, ఆఖర్న "ఇంతకీ చెల్లిని ఎడ్యుకేషన్‌లో చేర్పించమంటావా వద్దంటావా?" అని అడిగి పెట్టేశావు. ఫోన్లో అవునంటే ఎందుకంటావు, కాదంటే ఎందుకంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆఫీసు క్యాబ్‌లో నీకు ఎలాగూ ఖాళీయే, తీరిగ్గా చదువుకో.

ముందు బాబాయ్ సంగతి చూద్దాం. ఇది చదివేస్తే అమ్మాయి టీచరైపోయినట్టేనని ఆయన అనుకుంటున్నారన్నావు. అలా అయిపోదు. ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో, ఎడ్యుకేషన్ వేరు, బీఈడీ వేరు. బీఈడీ అంటే డిగ్రీ అయ్యాక రెండేళ్లు పాఠం చెప్పడంలో ఇచ్చే తర్ఫీదు. ఎడ్యుకేషన్ ఆనర్స్‌లో మేం చదివేది బడి గురించి. బడులు ఎవరు పెట్టారు, పిల్లకి ఏది ఎప్పుడు బుర్రకెక్కుతుంది, పరీక్ష అసలు దేన్ని కొలుస్తుంది, ఇలాంటివి. మీ శ్రీకాకుళం చుట్టాలకి ఇది బోధపడలేదంటే వింతేం లేదు. ఆంధ్రా వైపు డిగ్రీలో ఈ సబ్జెక్టు అరుదు. మన ఒడిశాలో ప్లస్ టూ (ఇంటర్) ఆర్ట్స్ నుంచే ఉంది కాబట్టి ఇక్కడ ఎవరూ నోరెళ్లబెట్టరు. "మార్కులు బాగా పడతాయి" అని మాత్రం అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో గానీ స్టాటిస్టిక్స్ పేపర్ వచ్చే దాకానే ఆ ధీమా.

ఆ పేపర్ సంగతి చెప్పాలి నీకు. ఆర్ట్స్ కదా, లెక్కల పీడ విరగడైందని చేరినవాళ్లు సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం అనగానే బెంచీల కింద దాక్కునే రకం. నాకు మాత్రం ఈ సబ్జెక్టు మీద నిజంగా మోజు పుట్టింది అక్కడే. ప్రాక్టికల్‌కి మేమే ఒక ప్రశ్నపత్రం తయారుచేసి, ఒక బడిలో ఆరో తరగతి పిల్లలకి పెట్టి, ఆ తర్వాత పిల్లల్ని వదిలేసి ప్రశ్నలకి మార్కులు వేయాలి! మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతం మంది ఒక గుంపు, అడుగునున్న 27 శాతం మంది ఇంకో గుంపు. 37 మంది పిల్లలు కాబట్టి అటు పదిమంది, ఇటు పదిమంది వచ్చారు. ఒక్కో ప్రశ్నకి పై గుంపులో ఎంతమంది సరిగ్గా రాశారు, కింది గుంపులో ఎంతమంది రాశారు అని చూసి తీసివేసి, ఒక్కో గుంపులో ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించాలి. బాగా చదివేవాళ్లు రాసి, చదవనివాళ్లు రాయలేకపోతే అది పనికొచ్చే ప్రశ్న. ఇద్దరూ ఒకేలా రాస్తే దండగ.

మా పత్రంలో ఒక ప్రశ్న ఉంది: 10 మీటర్ల దారి పక్కన, ఈ కొస నుంచి ఆ కొస దాకా, 2 మీటర్లకొక మొక్క నాటితే ఎన్ని మొక్కలు కావాలి? మా జట్టులో ఒకడు గైడులోంచి ఎత్తి పెట్టాడు, జవాబుతో సహా. జవాబు 5 అని ఉంది. పై గుంపులో ముగ్గురికే మార్కు పడింది, కింది గుంపులో ఏడుగురికి పడింది. లెక్క కడితే మైనస్ 0.4. మేడమ్ ఆ కాగితం చూసి ఏమీ అనకుండా నేల మీద గీత గీసి, సుద్దముక్కలు పెట్టమన్నారు. పెట్టాం. ఆరు పట్టాయి. మొదటి కొసన ఒకటి పెట్టాలి కదరా! తెలివైనవాళ్లంతా 6 అని రాసి సున్నా తెచ్చుకున్నారు, పదిని రెండుతో భాగించేసి ఊరుకున్నవాళ్లు మార్కు కొట్టేశారు. మన చదువంతా ఇలాంటి తప్పుడు జవాబులతో ఎన్ని పేపర్లు దిద్దేసి ఉంటారో ఒక్కసారి ఊహించుకో. మనకి మార్కులు తక్కువొచ్చిన పేపర్లన్నీ ఇలాంటివేనని మాత్రం అనుకోకు, నీ జాగ్రఫీ సంగతి నాకు తెలుసు.

చరిత్ర పేపర్ గురించి ఎక్కువ చెప్పను. 1835 మెకాలే, 1854 వుడ్, 1882 హంటర్, 1944 సార్జెంట్, 1952 ముదలియార్, 1964 కొఠారి... చదువు మీద వచ్చిన నివేదికలూ కమిషన్లూ వరసగా బట్టీ పట్టడమే. పేపర్ చెత్త అనను గానీ, చెప్పే తీరు చెత్త. నివేదికలో ఏముందో ఎవరూ విప్పి చూడరు, ఏడాదీ అధ్యక్షుడూ గుర్తుంటే చాలు. విప్పి చూస్తే నవ్వొస్తుంది. జాతీయాదాయంలో 6 శాతం చదువు మీద పెట్టాలని కొఠారి కమిషన్ అప్పుడే చెప్పింది. 2020 విద్యావిధానంలో మళ్లీ అదే 6 శాతం. తత్వశాస్త్రం కాస్త నయం. రూసో అని ఒకాయన 1762లో పిల్లవాణ్ణి ఎలా పెంచాలో పెద్ద గ్రంథం రాశాడు. తన ఐదుగురు పిల్లల్ని మాత్రం పుట్టగానే అనాథాశ్రమానికి పంపేశాడు. ఇది చెప్పిన రోజు మా క్లాసులో అమ్మాయిలు ఆయన్ని ఉతికి ఆరేశారు. పరీక్షలో మాత్రం అందరూ ఆయన గొప్పే రాశారు.

ఇక అసలు విషయం. చెల్లికి ఈ సబ్జెక్టు ఎందుకు పనికొస్తుందంటే, ఆ అమ్మాయి పుట్టింది ఆంధ్రా సరిహద్దునున్న మన పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కాక సవర అనే గిరిజన భాష. నీకు గుర్తుందా, ఒకటో తరగతిలో మాస్టారు ఏదో అడిగితే పక్కవాడు చెయ్యెత్తాడని నువ్వూ ఎత్తేవాడివి. ఏమడిగారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. మనం మొద్దులమని మనమే అనుకున్నాం. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉందనీ, అది 1956 నుంచీ ఉందనీ మనకి ఎవరు చెప్పారు? నేను క్లాసులో చదివాకే తెలిసింది.

కిందటేడు పరిశీలన కోసం గుమ్మ వైపు ఒక సవర ఊరి బడికి వెళ్లాను. చింతపిక్కలు పోసి, 19 లెక్కపెట్టి కుప్పలు పెట్టమన్నారు మాస్టారు. ఆయన మనసులో పదొక కుప్ప, తొమ్మిదొక కుప్ప. ఒక పిల్లాడు మాత్రం పెద్ద కుప్ప ఒకటి, చిన్న కుప్ప ఒకటి పెట్టి కూర్చున్నాడు. మాస్టారు చూసి, వీడికి పది దాకా కూడా రాదన్నట్టు తలూపి ముందుకెళ్లిపోయారు. నేను వంగి లెక్కపెట్టాను. పెద్ద కుప్పలో పన్నెండు, చిన్నదాంట్లో ఏడు. పన్నెండూ ఏడూ పంతొమ్మిది, తప్పేముంది? అక్కడున్న సవర కుర్రాడొకడు, చిన్నపిల్లలకి సాయంగా ఉండేవాడు, నాకు విడమరిచి చెప్పాడు. సవర లెక్క పన్నెండు దాకా ఒక వరస. పదమూడంటే పన్నెండూ ఒకటి, పద్నాలుగంటే పన్నెండూ రెండు, అలా పంతొమ్మిది దాకా. ఇరవై నుంచి ఇరవైల లెక్క. ముప్ఫై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. పిల్లాడు ఇంట్లో నేర్చిన గణితం చక్కగా చేసి చూపించాడు. మాస్టారుదీ తప్పని అనలేను, ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒడిశాలో 2007లో పది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు, అందులో సవర కూడా ఉంది. పుస్తకం వచ్చింది గానీ, పిల్లాడి బుర్రలో లెక్క ఎలా నడుస్తుందో ఆ పుస్తకం పట్టుకున్న మాస్టారికి చెప్పేవాళ్లుండాలి కదా. ఎడ్యుకేషన్ చదివినవాళ్లకి ఇక్కడ బోలెడంత పని ఉందని నేననేది అందుకే.

మన ఊళ్లోనే ఈ పని చేసినాయన ఉన్నాడు, మనం ఆయన్ని ఆగస్టు 29న మాత్రమే తలుచుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడాడని అందరికీ తెలుసు. పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టాడని మాత్రం తక్కువమందికే తెలుసు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే అది నచ్చక ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. మా సిలబస్‌లో గోపబంధు దాస్ 1909లో చెట్ల కింద పెట్టిన సత్యవాది బడి ఉంది, ఉండాల్సిందే. గిడుగు లేడు. క్లాసులో ఒకసారి సెమినార్‌కి నేనే ఆయన మీద మాట్లాడాను, ఒడియాలో. అందరూ శ్రద్ధగానే విన్నారు. ఒకడు మాత్రం "ఇది పరీక్షకి వస్తుందా?" అని అడిగాడు.

సరే, ఉద్యోగాల మాట. బాబాయ్‌కి ఇది చదివి వినిపించు. హైస్కూల్లో ఎడ్యుకేషన్ అనే సబ్జెక్టే లేదు. కాబట్టి రేపు బీఈడీ చేసి హైస్కూల్ టీచర్ కావాలంటే చెల్లికి డిగ్రీలో ఇంగ్లీషో ఒడియానో చరిత్రో, బడిలో చెప్పే సబ్జెక్టు ఒకటి గట్టిగా ఉండాలి. ఇది చూసుకోకుండా చేరి తర్వాత ఏడ్చినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ఐదో తరగతి దాకా పిల్లలకి చెప్పాలనుంటే బీఈడీ పనికిరాదు, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దానికి డీఎల్‌ఎడ్, అంటే ప్రాథమిక బడి టీచర్ల డిప్లొమా, చేయాలి. రెండిటికీ టెట్ తప్పదు. అదే ఎంఏ దాకా వెళ్లి లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ కొడితే ప్లస్ టూ, ప్లస్ త్రీ కాలేజీల్లో లెక్చరర్‌గా ఈ సబ్జెక్టే చెప్పొచ్చు. పోస్టులు ఎప్పుడు పడతాయన్నది దేవుడెరుగు. టీచర్ ఉద్యోగం ఒక్కటే కావాలంటే ఇంకో దారి ఉంది. డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. భువనేశ్వర్‌లో 1963 నుంచీ ఉన్న రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అలాంటి చదువులకే పేరు. సీటు దొరికితే కళ్లు మూసుకుని చేరిపొమ్మంటాను, ఒక ఏడాది కలిసొస్తుంది.

అంటే చేరమంటున్నానా వద్దంటున్నానా అని విసుక్కోకు. చెల్లి నాకు తెలిసినంతలో ప్రతిదానికీ "ఎందుకూ?" అని ప్రాణం తీసే పిల్ల. అలాంటివాళ్లకి ఇది బాగుంటుంది. చేరమను. గైడు కొని గట్టెక్కుదామనుకుంటే మాత్రం మూడేళ్లు కమిషన్ల పేర్లు చదువుతూ నిద్రపోవాలి. స్నేహితురాలు చేరుతోందని తనూ చేరతానంటే తిట్టకు, నేను చేరింది అందుకే, నీకు తెలియంది కాదు.

కొత్త విద్యావిధానం వచ్చాక పేపర్ల అమరిక మారుతోంది. కాబట్టి రెండో సబ్జెక్టుగా ఏమేం కలిపి ఇస్తున్నారో కాలేజీకి వెళ్లి కనుక్కోమను, సైకిల్ మీద పది నిమిషాలు. ఒడిశా కాలేజీల్లో చేరే వెబ్‌సైటు సామ్స్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు వరస జాగ్రత్త. మొదట పెట్టిందే మొదట చూస్తారు, ఊరికే నింపేయొద్దు. నేను శనివారం గుణుపురం రైల్లో ఇంటికెళ్తున్నాను. ఫారం తెరిచి ఉంచమను, కూర్చుని ఇద్దరం నింపేస్తాం. బాబాయ్‌ని ఒప్పించే పని మాత్రం నీదే, నా మాట ఆయన ఎప్పుడు విన్నారు గనక. కుల ధ్రువపత్రం కిందటేడుదే ఉందా, కొత్తది తీయాలా అని పిన్నిని అడిగి ఈ రాత్రికే మెసేజ్ పెట్టు. తహసీల్ ఆఫీసులో సోమవారం రద్దీ ఎలా ఉంటుందో నీకు తెలుసుగా.

నీ
పాత బెంచీవాడు